మా ఇద్దరి పడవ

ఆ రెండు నెలలూ నేను మా వదినను ‘వదినా’ అని పిలవలేదు. అవసరం పడితే “ఇదిగో” అనో, గోడకేసి చూస్తూ “కూర ఉందా” అనో సరిపెట్టుకున్నాను. ఆవిడ గమనించలేదనుకున్నాను కూడా. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఇంత వయసొచ్చి అలకేమిట్రా అని మీరంటారేమో, అది అలక కాదు. అచ్చమైన కుళ్ళు. ఇప్పుడు దాచి ఏం లాభం?

అది వేట ఆపేసే కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ ఏటా రేవు రేవంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆ ఏడు మేం పనిచేసే పెద్ద బోటును యజమాని ఉన్నపళంగా అమ్మేశాడు. ఆరుగురం ఆరు దారులు పట్టాం. అన్నయ్య మూడు రోజులు ఇంట్లో పాత వల ముందేసుకుని కూర్చుని, నాలుగో రోజు అన్నం కలుపుకుంటూ అన్నాడు.

“చిన్న పడవ ఒకటి చూడాలి. ఇద్దరు నడిపేది. చేతిలో ఉన్నదానికి సరిపోయేది.”

సంతోషంతో ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను. ఇద్దరంటే ఇంకెవరు? పదేళ్ళుగా ఏ పడవ ఎక్కినా వెనక అమరంలో అన్నయ్య, ముందు ముక్కు దగ్గర నేను. ఆయన వల వదులుతుంటే నేను తాడు చూసుకునేవాణ్ణి. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండానే పని జరిగిపోయేది.

పైగా అన్నయ్యకు నేను చెవిని. మాటవరసకు అనడం లేదు. పదిహేనేళ్ళు ఇంజను పక్కనే నిలబడటంతో ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. చెక్క పడవ కొనేముందు పలకలన్నీ వేలి కణుపులతో తట్టి చూడటం మా రేవులో అలవాటు. గట్టి చెక్క ఠంగుమంటుంది. పుచ్చింది డొల్లగా పలుకుతుంది. పైన రంగు పూస్తే కంటికి దొరకదు, చెవికి దొరుకుతుంది. అనుమానం వచ్చిన చోట మాత్రమే చాకు గుచ్చుతాం. ఊరికే గుచ్చుకుంటూ పోతే ఏ యజమానీ ఊరుకోడు కదా. అన్నయ్య తడతాడు, నేను వింటాను. తట్టి నా మొహంలోకి చూసి “ఎట్లా ఉందిరా?” అంటాడు. నేనేం చెబితే అదే ఖాయం. వేరేవాళ్ళు పడవ కొనుక్కునేటప్పుడు కూడా మా ఇద్దర్నీ పిలుచుకెళ్ళేవాళ్ళు. ఆ పూట నేను కాలరు ఎగరేసుకుని నడిచేవాణ్ణి.

మొదటి పడవ చూడటానికి బయల్దేరిన రోజు నేను తల దువ్వుకుని వచ్చేసరికి అన్నయ్య స్కూటరు వెనక సీట్లో వదిన కూర్చుని ఉంది. నా సీట్లో! ఆవిడ చేపల షెడ్డులో పనిచేస్తుంది. ఐసు పెట్టెల్లో చేపలు సర్దే పని. వేట లేని రోజుల్లో షెడ్డు ఒంటిపూటే కాబట్టి ఆ మధ్యాహ్నం ఖాళీ.

“నువ్వు బస్సులో వచ్చెయ్‌రా,” అన్నాడు అన్నయ్య.

వచ్చాను. నిలబడి వచ్చాను. దారి పొడుగునా పళ్ళు నూరుకుంటూ వచ్చాను. ఇంట్లో డబ్బులు దాచేది ఆవిడే కనుక బేరానికి తీసుకెళ్ళి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను.

అది ఫైబర్ పడవ. తెల్లగా, సన్నగా, చూడగానే ఎక్కి పారిపోవాలనిపించేట్టు ఉంది. అమ్మేది ఒక లావుపాటాయన.

“ఎవరికండీ పడవ?” అని అడిగాడు.

“మా ఇద్దరికీ,” అన్నాడు అన్నయ్య.

నా ఛాతీ ఉబ్బిపోయింది. పక్కనే నిలబడ్డ వదిన వైపు ఓరగా చూశాను కూడా, విన్నావా అన్నట్టు. ఆవిడ నవ్వింది. ఎందుకు నవ్విందో నాకప్పుడు తెలీలేదు.

పడవను మోకాలి లోతు నీళ్ళలోకి దింపారు. నేను ఎక్కబోయేలోగా వదిన చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కేసింది. మధ్యలో నిలబడి ఈ కాలి మీద ఒకసారి, ఆ కాలి మీద ఒకసారి బరువు మోపి చూసింది.

“ఏవండీ, నిలబడి వల లాగితే ఇది ఒరిగేట్టుంది.”

“వల లాగేవాళ్ళకు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలుసులే,” అన్నాను నేను.

“తడి నేల మీద ఎనిమిదేళ్ళు నిలబడి పనిచేశానయ్యా. కాళ్ళ కింద జారేదేదో, జారనిదేదో నాకూ తెలుసు.”

అన్నయ్య పడవ అంచు పట్టుకుని ఊపి చూశాడు. “తను చెప్పింది నిజమే. వెడల్పు చాలదు,” అన్నాడు. అంతే, ఆ పడవ అక్కడితో సరి.

నా ఒళ్ళు భగ్గుమంది. పదేళ్ళు సముద్రం మీద ఉన్నవాడిని నేనుండగా షెడ్డులో ఐసు కొట్టే మనిషి మాట చెల్లుబాటయింది. అదీ కాక, ఆవిడ చెప్పింది నిజం. అది ఇంకా మండింది.

రెండో పడవ బరువు పడవ. ముసలావిడ ఒకరు, భర్త పోయాక ఒడ్డున బోర్లించి ఉంచింది. పలకలన్నీ ఠంగుఠంగుమన్నాయి. “రాయిలా ఉంది,” అన్నాను. “కొనేద్దాం అన్నయ్యా.”

“బాగానే ఉంది. ఒడ్డుకు లాక్కోగలగాలి కదా, ఇద్దరే,” అన్నాడు అన్నయ్య.

నేను చొక్కా చేతులు పైకి మడిచాను. ఆయన నన్ను భుజం పట్టి పక్కకు జరిపాడు.

“నువ్వుండు. ఇదిగో, నువ్వటు పట్టుకో,” అన్నాడు. వదినతో.

వాళ్ళిద్దరూ లాగారు. వదిన నరాలు తేలేట్టు లాగింది. పడవ బెత్తెడు జరిగి మొరాయించింది. నేను పకపకా నవ్వాను. ఆవిడ చేతులు వదిలేసి చూసుకుంది. ఐసుకు పగిలి పగిలి ఉన్న వేళ్ళ సందుల్లోంచి రక్తం చిమ్మింది. పడవ అంచు మీద రెండు మరకలు. నా నవ్వు ఆగిపోయింది కానీ, అయ్యో అని మాత్రం అనలేదు.

“ఇది వద్దులే,” అన్నాడు అన్నయ్య, ఆవిడ చేతులు చూస్తూ.

ఆ పరీక్ష ఎందుకు పెట్టాడో ఎవరికైనా అర్థమవుతుంది. నేను మాత్రం ఇంటికెళ్ళేదాకా ఆలోచించి, ఆడమనిషే లాగగలిగితే నేను అవలీలగా లాగుతానని అన్నయ్య లెక్క అయి ఉంటుందని తేల్చుకున్నాను. నన్ను నేను మోసం చేసుకోవడంలో నా అంత మొనగాడు లేడు.

మూడోది నీలం పడవ. రిటైరైన పోస్టుమాన్ ఒకాయనది. పొద్దున్నే గాలం వేసుకోవడానికి కొనుక్కున్నాడట, నడుము నొప్పి వచ్చి మానేశాడు. ఊరి చివర ఏటి ఒడ్డున, ఆయన ఇంటి వెనకే రెండు దుంగల మీద పెట్టి ఉంది. పొడవూ వెడల్పూ అమిరినట్టున్నాయి. ముక్కు దగ్గర ఒక బల్ల, వెనక ఒక బల్ల. ఒక మనిషి ఒక చివర ఎత్తగలిగేంత బరువు. ధర కూడా అన్నయ్య మనసులో ఉన్నదే. ఆ రోజు వదినకు షెడ్డులో పని పడి రాలేదు. స్కూటరు వెనక సీట్లో నేనే! ఆ మాత్రానికే పండగ చేసుకున్నాను. దారంతా వాగుతూనే ఉన్నాను, వినపడని చెవిలో.

పోస్టుమాన్ తెడ్లు తెస్తానని ఇంట్లోకి వెళ్ళాడు. ఒడ్డున అన్నయ్యా నేనూ తప్ప ఇంకెవరూ లేరు. ఆయన పడవ చుట్టూ ఒకసారి తిరిగి, ముందు బల్ల మీద అరచేయి ఆనించి, నా వైపు చూసి నవ్వాడు. అన్నయ్య నవ్వడం అరుదు.

“మా ఇద్దరికీ ఇది చాల్రా,” అన్నాడు.

మన ఇద్దరికీ అనలేదు. మా ఇద్దరికీ అన్నాడు. నాతో.

లావుపాటాయనతో అన్నప్పుడు ఆ మాటలో నేనున్నాను. ఉన్నాననుకున్నాను. ఇక్కడ వినేవాణ్ణి నేనొక్కణ్ణే. మూడేళ్ళ పిల్లాడిక్కూడా తెలుసు ఈ తేడా. అన్నయ్యకు మాటలు తక్కువ. ఆ ఉన్న నాలుగు మాటలూ పొరపాటున కూడా తప్పు వాడడు.

“నువ్వూ…” అన్నాను.

“నేనూ మీ వదినా.” ఆయన ఇంకేదో చెప్పబోయాడు. అంతలో పోస్టుమాన్ తెడ్లతో వచ్చేశాడు. అన్నయ్య వంగి పలకలు తట్టడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ నేనూ ఆయన పక్కన చతికిలబడ్డాను. చెవులు రెండూ హోరుమంటున్నాయి. ఆ హోరులో కూడా పలకలు వినపడుతూనే ఉన్నాయి. ఠంగు. ఠంగు. ఠంగు. ముందు నుంచి వెనక్కి వచ్చాం. అమరం దగ్గర, అడుగు నుంచి మూడో పలక మీద అన్నయ్య కణుపులు పడ్డాయి.

డొల్ల.

బెత్తెడు మేర, నీలం రంగు కింద. నాకంత స్పష్టంగా ఏ చెక్కా ఎప్పుడూ చెప్పలేదు. అన్నయ్య తల తిప్పి నా మొహంలోకి చూశాడు.

“ఎట్లా ఉందిరా?”

“గట్టిగానే ఉంది,” అన్నాను.

ఆయన తలూపి తర్వాతి పలక మీదికి వెళ్ళిపోయాడు.

కావాలనే అన్నాను. కొనుక్కోండి, మీ ఇద్దరి పడవ కదా, మీ ఇద్దరే వినుక్కోండి అనుకున్నాను. ఆ క్షణాన నాకు ఎంత హాయిగా ఉందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

సాయంత్రం వదిన షెడ్డు నుంచి వచ్చి, వంటింటి గట్టు మీద గోరువెచ్చటి నీళ్ళ గిన్నె పెట్టుకుని చేతులు ముంచి కూర్చుంది. రోజూ చేసే పనే. నేను ఆ గుమ్మం దాటి వెయ్యిసార్లు వెళ్ళి ఉంటాను, ఆ గిన్నెలోకి ఎప్పుడూ చూడలేదు. వేళ్ళు చివర్ల దాకా తెల్లగా, చచ్చుబడినట్టున్నాయి.

“మీ అన్నయ్య నీతో చెప్పారా?” అంది.

“దేని గురించి?”

“చెప్పలేదన్నమాట. ఎట్లా చెప్పాలో తెలీక గుంజాటన పడుతున్నారు పాపం. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ పెద్ద బోటులో నీకు డ్రైవరు పని మాట్లాడారు. ఈ చిన్నదాంట్లో వాడి చేతులు కట్టేసినట్టవుతుంది అంటారు. నాకేమో ఈ ఐసులో ఇంకో ఏడాది పెడితే వేళ్ళు మిగలవని డాక్టరు చెప్పాడు.”

నేను గోడకేసి చూస్తున్నాను.

“కోపం వచ్చిందా?” అంది.

“నాకెందుకు కోపం?”

“వచ్చే ఉంటుందిలే. నా కోసం నీ చోటు తీసేసుకున్నట్టుంది నాకే.” చేతులు తీసి తువ్వాలుకు అద్దుకుంది. “ఒక్కటే నా భయం. నాకు ఈత రాదు. ఆ మాటంటే మీ అన్నయ్య నవ్వేస్తారు. పలకలు మావాడు విన్నాడు, ఇంక ఈతెందుకే అంటారు. బాగా విన్నావుగా?”

అప్పుడు చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అదే క్షణంలో, అన్నయ్య ఆవిడతో ‘మావాడు’ అన్నాడన్న మాట చెవిలో పడి, ఆ ‘మావాడు’ అనే మాట కూడా ఆవిడ నోటి మీదుగానే నాకు అందాలా అని మళ్ళీ మండింది.

“విన్నాను,” అని బయటికి వెళ్ళిపోయాను. ఒక్క పలకేగా అనుకున్నాను. బెత్తెడేగా అనుకున్నాను. చాకుతో గీరినట్టు లోపల ఏదో గీరుతూనే ఉంది.

బేరం కుదరడంతో మర్నాడు పొద్దున్నే పడవ తెచ్చుకోవడానికి ముగ్గురం వెళ్ళాం. ఏటి మీదుగా మా రేవుకు గంట ప్రయాణం. వాళ్ళిద్దరూ నీళ్ళ మీద రావాలి. అన్నయ్య స్కూటరు తాళం నా చేతిలో పెట్టాడు.

“నువ్వు బండి తీసుకొచ్చెయ్‌రా.”

ఎప్పుడూ నా చేతికివ్వని బండి! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పోస్టుమాన్, అన్నయ్య కలిసి పడవను నీళ్ళలోకి తోశారు. వదిన ముందు బల్ల మీద కూర్చుంది. రెండు చేతులతో పడవ అంచులు గట్టిగా పట్టుకుంది. అన్నయ్య వెనక కూర్చుని తెడ్లు అందుకున్నాడు. ఆయన కిందే, సరిగ్గా ఆయన కిందే ఆ మూడో పలక. పడవ ఒడ్డు వదిలింది. నిలువు లోతు దాకా వెళ్ళాక వదిన ఒక్కసారి నా వైపు తిరిగింది. భయంగానే నవ్వి, అంచు మీద నుంచి ఒక చెయ్యి తీసి ఊపింది.

ఆ తెల్లటి వేళ్ళు చూశాక నా వల్ల కాలేదు.

“అన్నయ్యా!” అని అరిచాను. “అన్నయ్యా, ఆగు!”

తెడ్లు ఆగలేదు. ఎడమ చెవి ఒడ్డు వైపుంది. ఇంకోసారి గొంతు చించుకున్నాను. పోస్టుమాన్ నా వైపు వింతగా చూసి, “ఆయనకు వినపడదు కదయ్యా,” అన్నాడు.

“వదినా!”

ఆవిడ తల గిరుక్కున తిప్పింది.

“వదినా, వెనక్కి రండి! అమరం దగ్గర పలక పుచ్చింది! వెనక్కి రమ్మను వదినా!”

వదిన బల్ల దిగి వెనక్కి పాకి అన్నయ్య మోకాలి మీద తట్టింది. ఒడ్డు వైపు చూపించి ఏదో చెప్పింది. పడవ నెమ్మదిగా తిరిగింది.

అన్నయ్య దిగాడు. పడవను పక్కకు ఒరిగించి, నేను వేలు పెట్టిన చోట చాకు గుచ్చాడు. సగం దాకా దిగిపోయింది. ముద్దలా తడిసిన పొట్టు మొన మీద వచ్చింది. పోస్టుమాన్ మొహం పాలిపోయింది. “నా ఒట్టు, నాకు తెలీదు బాబూ,” అంటున్నాడు. అన్నయ్య ఆయన వైపు చూడలేదు.

“నిన్న వినపడలేదా?” అని అడిగాడు నన్ను.

లేదనొచ్చు. నమ్మేవాడే.

“వినపడింది,” అన్నాను.

అన్నయ్య చాకును ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఒకసారి, రెండోసారి. తర్వాత చాకు మడిచి జేబులో పెట్టుకుని, దుంగ మీద కూర్చుని ఏటి వైపు చూస్తూ ఉండిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేది.

వదిన తడిసిన చీర అంచు పిండుకుంటూ నా పక్కకు వచ్చింది. ఆవిడ అంతా విన్నది.

“రెండు నెలల తర్వాత నీ నోట ‘వదిన’ అని వచ్చిందే,” అంది మెల్లగా. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం కూడా నేను ఓర్చుకోలేకపోయాను.

ఆ పడవే కొన్నారు, పలక మార్పించే షరతు మీద. పడవల మేస్త్రీ కొత్త పలక కోసి బిగించాడు. మిగతా పనంతా నాదే. ఎవరూ చెప్పలేదు, నేనే వెళ్ళాను. వారం రోజులు సందుల్లో నార కుక్కాను, తారు పూశాను, నీలం రంగు వేశాను. అన్నయ్య రోజూ వచ్చేవాడు, చూసేవాడు, వెళ్ళేవాడు. “అన్నానికి రా” తప్ప ఆ వారమంతా నాతో ఇంకో మాట అనలేదు.

వేట మళ్ళీ మొదలైన రోజు. రేవంతా హడావుడిగా ఉంది. నేను డ్రైవరుగా చేరిన ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ పెద్ద బోటు గంటలో బయల్దేరాలి. పడవను నీళ్ళ అంచుకు దించాం. అన్నయ్య జేబులోంచి చాకు తీసి తెరిచి ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేత్తో కొత్త పలకను తట్టాడు. తట్టి, వదిన వైపు చూశాడు.

“నువ్వు విను,” అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. పుండు మీద కారం చల్లినట్టయింది. నా పని అది. ఆ ఒక్కటీ నాది. అదీ ఆవిడకే ఇచ్చేశాడు.

వదిన వంగి చెవి ఆనించింది. అన్నయ్య మళ్ళీ తట్టాడు.

“నాకు అన్నీ ఒకేలా వినపడుతున్నాయండీ,” అంది. “వాణ్ణడగండి.”

అన్నయ్య చాకు మొనను పలక మీద ఆనించాడు. తర్వాత మూడోసారి తట్టి, తల తిప్పి నా మొహంలోకి చూశాడు.

“ఎట్లా ఉందిరా?”

మొదటి దెబ్బకే విన్నాను. అయినా, “ఇంకోసారి కొట్టు,” అన్నాను. కొట్టాడు. “దాని పక్కది.” కొట్టాడు. ముక్కు నుంచి అమరం దాకా ఒక్క పలక వదలకుండా కొట్టించాను.

“గట్టిగా ఉంది,” అన్నాను.

అన్నయ్య చాకు వైపు చూశాడు. గుచ్చలేదు. మడిచి జేబులో వేసుకున్నాడు.

వదిన ఎక్కి ముందు బల్ల మీద కూర్చుంది. చేతులకు నేను కొనిచ్చిన రబ్బరు తొడుగులున్నాయి. “ఏం చూస్తున్నావు? మన పడవను ఒక్క తోపు తొయ్యి,” అంది.

తోశాను. నడుం లోతు దాకా వెళ్ళి తోశాను. మన అన్నది ఆవిడ. అన్నయ్య అనలేదు. ఆ మాట ఆయన అని ఉంటే నా కుళ్ళు ఆ రోజుతో పోయేదేమో. వాళ్ళు మలుపు తిరిగేదాకా నీళ్ళలోనే నిలబడ్డాను. ముందు బల్ల మీద ఆవిడ వీపు కనిపిస్తుంటే కళ్ళు మండుతూనే ఉన్నాయి. పెద్ద బోటు వాళ్ళు కేకేస్తే వెళ్ళాను.

ఆ పడవ ఇంకా ఉంది. ఇప్పటికీ రేవులో ఎవరైనా ఆ నీలం పడవ ఎవరిదని అడిగితే “మాది” అంటాను. అన్నయ్య పక్కన ఉంటే మాత్రం, ముందు ఆయన మొహంలోకి చూసి అంటాను.